అర మిల్లీమీటరులో ఐదు పొరలు

1990ల మొదట్లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జరిగిన సంగతి ఇది. జెరార్డ్ మురూ నడిపే ప్రయోగశాలలో ఓ పరిశోధక విద్యార్థి కంట్లో పొరపాటున లేజర్ కిరణం పడింది. వెంటనే కంటి ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఇంకా శిక్షణలోనే ఉన్న డాక్టరు రాన్ కర్ట్జ్ కంటిలోపలికి చూశాడు. గాయం సంగతి అటుంచి, దాని తీరు చూసి ఆయనకు ఆశ్చర్యం వేసింది. మామూలు లేజర్ తగిలిన చోట చుట్టుపక్కలంతా కమిలిపోతుంది. ఇక్కడ మచ్చ గుండ్రంగా ఉంది, అంచు దాటి ఒక్క కణం కూడా చెదిరినట్టు లేదు. ఇంత శుభ్రంగా కాల్చగలిగింది ఇంతే శుభ్రంగా కోయలేదా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. కర్ట్జ్, టిబోర్ యుహాస్ కలిసి 1997లో ఇంట్రాలేజ్ అనే కంపెనీ పెట్టారు. కార్నియాను కోసే ఫెమ్టోసెకండ్ లేజర్ యంత్రాలు ఆస్పత్రులకు చేరింది ఆ దారినే.

మురూ, ఆయన శిష్యురాలు డోనా స్ట్రిక్‌లాండ్ కలిసి 1985లో కనిపెట్టిన లేజర్ పద్ధతికి 2018లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. బహుమతి ప్రకటించినప్పుడు ఉదాహరణగా చెప్పింది కూడా కంటి ఆపరేషన్ల గురించే.

ఫెమ్టో అంటే ఎంత?

సెకనులో కాంతి భూమిని ఏడున్నర సార్లు చుట్టి రాగలదు. ఫెమ్టోసెకండులో అదే కాంతి నడిచే దూరం 0.3 మైక్రాను. వెంట్రుక మందంలో రెండు వందో వంతు అనుకోండి. ఇంకోలా చెప్పాలంటే, 3 కోట్ల 17 లక్షల ఏళ్లలో ఒక్క సెకను ఎంతో, సెకనులో ఒక ఫెమ్టోసెకండు అంత.

కంటికి వాడే లేజర్ ఒక్కో తడవ కొన్ని వందల ఫెమ్టోసెకండ్లు మాత్రమే వెలుగుతుంది. వేడి పక్కకు పాకేందుకు ఆ వ్యవధి చాలదు. 1,053 నానోమీటర్ల ఈ పరారుణ కాంతి పారదర్శకమైన కార్నియాలోంచి ఏమీ చేయకుండా దూరిపోయి, ఎక్కడ కేంద్రీకరిస్తే అక్కడ మాత్రమే ఓ సూక్ష్మమైన బుడగను లేపుతుంది. పై పొరను ముట్టుకోకుండా లోపలి పొరను కోయడం కత్తికి చేతకాని పని. ఈ వెలుగుకు అదే మామూలు పని.

నిజానికి ఇది కోత కూడా కాదు. తపాలా బిళ్లల షీటు మీద వరసగా చిల్లులు ఉంటాయి చూశారా, లేజర్ చేసేది అలాంటి చిల్లుల వరసే. సెకనుకు 60 వేలు, తర్వాత వచ్చిన యంత్రాల్లో లక్షన్నర. చిల్లులయ్యాక మొద్దు అంచున్న పనిముట్టు లోపలికి పోనిచ్చి డాక్టరు మెల్లగా పొరను విడదీస్తారు.

నల్లగుడ్డు ముందు ఏముంది?

మనం నల్లగుడ్డు అనే భాగం మీద పారదర్శకంగా కప్పి ఉండేది కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంటే 540 మైక్రాన్ల చిల్లర. కంటికి కావలసిన కాంతిని వంచే శక్తిలో మూడింట రెండు వంతులు దీనిదే. లోపలి లెన్సుకు దక్కేది మిగతా వంతే. ఇందులో రక్తనాళాలు లేవు. ఆక్సిజన్ చాలావరకు కన్నీటిలో కరిగిన గాలి నుంచే అందుతుంది. నరాలు మాత్రం ఒంట్లో మరెక్కడా లేనంత దట్టంగా ఉంటాయి. కంట్లో నలుసు పడితే ప్రాణం గిలగిల్లాడేది అందుకే.

ఇంత పల్చటి దాంట్లో పుస్తకాల లెక్కన ఐదు పొరలు. పైన ఎపిథీలియం, దాని కింద బౌమన్ పొర, తర్వాత మొత్తం మందంలో తొంభై శాతం ఆక్రమించే స్ట్రోమా, దాని వెనక పది మైక్రాన్ల డెసిమెట్ పొర, చిట్టచివర ఒకే ఒక్క వరస కణాల ఎండోథీలియం. 2013లో నాటింగ్‌హామ్‌లో పనిచేసే హర్మిందర్ దువా ఆరో పొర కూడా ఉందన్నారు. అది వేరే పొరా, లేక స్ట్రోమా అడుగు భాగమేనా అని నిపుణులు వాదులాడుకున్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా డాక్టర్లు మాత్రం దాన్ని వాడుకుంటున్నారు. ఎలాగో తర్వాత చెబుతాను.

ఐదింటిలో రెండింటి స్వభావం తెలిస్తే మిగతా కథంతా తెలిసినట్టే. పై పొర గీసుకుపోతే రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. చివరి వరస కణాలు మనిషిలో మళ్లీ పుట్టవు. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు రెండున్నర వేల దాకా ఉండే ఈ కణాలు కార్నియాలో చేరిన నీటిని రాత్రీపగలూ తోడిపోస్తుంటాయి. తోడేవాళ్లు తగ్గిపోతే కార్నియా ఉబ్బి మసకబారుతుంది.

పొద్దున మసక, మధ్యాహ్నం తేట

ఫుక్స్ డిస్ట్రఫీ అనే జబ్బు ఉన్నవాళ్లు మొదట్లో చెప్పేది ఒకటే మాట: నిద్ర లేవగానే ఏమీ కనబడదు, పూట గడిచేకొద్దీ తేటపడుతుంది. కారణం సులువే. రాత్రంతా రెప్పలు మూసుకుని ఉండటంతో నీరు ఆవిరి కాదు, చేరిన నీటిని తోడే శక్తి కణాలకు చాలదు. కళ్లు తెరిచాక గాలికి కొంత ఆరుతుంది. వియన్నా కంటి వైద్యుడు ఎర్నెస్ట్ ఫుక్స్ 1910లో ఈ జబ్బును వర్ణించారు. మార్చవలసింది చివరి వరస కణాలనే అని తెలిసినా, అర మిల్లీమీటరు మొత్తం కోసి మార్చడం తప్ప దశాబ్దాల పాటు వేరే దారి లేకపోయింది.

ముందు వచ్చింది పొరే

పూర్తి మందం కార్నియా మార్పిడి పాత పద్ధతి, పొర మార్పిడి కొత్త పద్ధతి అని చాలామంది అనుకుంటారు. చరిత్ర తిరగబడి ఉంది. జర్మన్ వైద్యుడు ఆర్థర్ ఫాన్ హిప్పెల్ 1880ల్లోనే రోగి కార్నియాలో పై పొరలు మాత్రం తీసి, అక్కడ కుందేలు కార్నియా అతికించాడు. అందుకోసం కీ ఇస్తే తిరిగే గుండ్రటి కత్తిని తయారు చేసుకున్నాడు. యంత్రంతో కోయాలన్న ఆశ అప్పటిదే. ఆయనకంటే ముందు, 1837లో, ఐరిష్ వైద్యుడు శామ్యూల్ బిగ్గర్ రాసిన సంగతి మరీ విచిత్రం. ఎడారిలో అరబ్బు తెగలవాళ్లకు బందీగా ఉన్నప్పుడు ఒక పెంపుడు జింకకు మరో జింక కార్నియా పెట్టానని, దానికి చూపు వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు.

మనిషికి మనిషి కార్నియా పూర్తి మందంతో పెట్టి గెలిచింది 1905 డిసెంబరు 7న. ఇప్పటి చెక్ దేశంలోని ఒలోమోట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ చేసిన ఆపరేషన్ అది. సున్నం పడి రెండు కళ్లూ పోయిన కూలీకి, ఇనుపముక్క గుచ్చుకుని తీసేయాల్సి వచ్చిన ఓ పదకొండేళ్ల పిల్లాడి కంటి నుంచి రెండు ముక్కలు కోసి పెట్టాడు. ఒక కన్ను దక్కలేదు. రెండో కంటితో ఆ కూలీ మళ్లీ పనికి వెళ్లాడు.

సున్నం అంటే గుర్తొచ్చింది. కిళ్లీకి వాడే సున్నం ప్యాకెట్టు పిల్లల చేతికి ఇవ్వకండి. నొక్కితే చిమ్మేది నేరుగా కంట్లోకే. సున్నం కాల్చిన కంటికి పొర మార్పిడి ఒక్కటే చాలదు, ఎందుకంటే పై పొరను పుట్టించే మూలకణాలే పోతాయి. దానికి వాడే తేలికైన చికిత్స ఒకటి హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలోనే పుట్టింది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఎనిమిదో పదో చిన్న తునకలుగా చేసి, దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి దాని మీద అతికిస్తారు. వీరేందర్ సంగ్వాన్ బృందం దీన్ని 2012లో ప్రపంచానికి చెప్పింది.

మొత్తం మారిస్తే వచ్చే చిక్కు

పూర్తి మందం మార్పిడిలో వెంట్రుక కంటే సన్నటి నైలాన్ దారంతో సాధారణంగా పదహారు కుట్లు వేస్తారు. రక్తనాళాలు లేని చోట గాయం మానడానికి ఏడాది పైనే పడుతుంది. ఒక్క కుట్టు బిగువైనా కార్నియా ఒంకర తిరిగి, చూపు వచ్చీ రానట్టుంటుంది. ఏళ్ల తర్వాత కూడా గట్టి దెబ్బ తగిలితే ఆ అతుకు దగ్గరే విచ్చుకునే ప్రమాదం ఉంది. పైగా కొత్త ఎండోథీలియం కణాలను శరీరం పరాయివిగా గుర్తించి దాడి చేయొచ్చు. రోగి కణాలు బాగానే ఉన్నప్పుడు వాటిని తీసి పారేసి పరాయివి పెట్టడం దేనికి? పొర మార్పిడి సమర్థకుల వాదమంతా ఇదే. నాకు ఇందులో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు.

గాలి బుడగతో ఆపరేషన్

ముందు పొరలు చెడి చివరి వరస బాగున్నవాళ్లకు చేసేది డాల్క్. స్ట్రోమా మొత్తం తీసేసి పది మైక్రాన్ల డెసిమెట్ పొరను మాత్రం రోగికి మిగల్చాలి. చేత్తో ఒలిస్తే చిరుగుతుంది. 2002లో మహమ్మద్ అన్వర్, క్లాస్ టైష్‌మన్ ఓ చిట్కా ప్రచురించారు. స్ట్రోమాలోకి సన్నటి సూది పోనిచ్చి గాలి ఊదుతారు. గాలి దారి చేసుకుంటూ పోయి డెసిమెట్ పొరను స్ట్రోమా నుంచి ఊడదీసి, పెద్ద బుడగలా నిలుస్తుంది. ప్రపంచమంతా దాన్ని పెద్ద బుడగ పద్ధతి అనే పిలుస్తోంది. కష్టమల్లా సూది ఎంత లోతుకు పోయిందో తెలుసుకోవడమే. కాస్త పైన ఆగితే బుడగ రాదు, కాస్త కిందికి పోతే పొర చిరిగి పూర్తి మార్పిడికి మారాల్సి వస్తుంది. లేజర్ పనికొచ్చేది ఇక్కడే. కార్నియా మందాన్ని ముందే స్కాన్ చేసి, కావలసిన లోతులో సూదికి సొరంగం తవ్వి పెడుతుంది. మిగతాది డాక్టరు చెయ్యి.

వరి ఆకు, కంట్లో పువ్వు

మన పల్లెల్లో కార్నియా మీద తెల్లమచ్చ పడితే కంట్లో పువ్వు వేసిందంటారు. కోతల్లో, నూర్పిళ్లలో వరి ఆకు గీసుకుంటుంది, ఊక పడుతుంది. గీత చిన్నదే. దానితోపాటు చేరే బూజు మాత్రం చిన్నది కాదు. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ జాతి బూజులు కార్నియాను పుండు చేస్తాయి. పుండు మానినా మచ్చ మిగులుతుంది. ఆకుపసరో, చనుబాలో పోసి నాలుగు రోజులు చూద్దాం అనుకునే ఇళ్లలో మచ్చ మరింత లోతుకు దిగుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు బూజుకు ఎరువు వేసినట్టే.

మచ్చ పైపైనే, 150 నుంచి 200 మైక్రాన్ల లోపల ఉంటే లేజర్ పొర మార్పిడికి తగిన కన్ను అది. ఈ ఆపరేషన్ జరిగే తీరు కొంచెం దగ్గరగా చూద్దాం. కంట్లో మత్తు చుక్కలు వేసి, కన్ను కదలకుండా పీల్చి పట్టే ఉంగరాన్ని పెడతారు. దానిలోకి యంత్రం తాలూకు గాజు శంకువు దిగి కార్నియాను చదునుగా అదుముతుంది. ఆ క్షణంలో చూపు నల్లబడుతుంది, నొప్పి ఉండదు, నొక్కుతున్నట్టుంటుంది. లేజర్ కోత నిమిషం లోపే అయిపోతుంది. దాత కార్నియానూ అదే యంత్రం, అదే కొలతకు కోస్తుంది. నిల్వ ద్రవంలో ఉన్న దాత కార్నియా నీరు పట్టి ఉబ్బి ఉంటుంది కాబట్టి, దాన్ని కాస్త మందంగా కోయాలన్న లెక్క మరచిపోకూడదు. మచ్చ ఉన్న పొరను ఎత్తి తీసి, కొత్త పొరను అక్కడ పరిచి, తడి ఆరి అతుక్కునే దాకా ఆగుతారు. పైన కట్టుగా ఓ కాంటాక్ట్ లెన్స్. కుట్టు ఒక్కటీ లేదు. మయామీలోని సోనియా యూ బృందం ఈ కుట్లు లేని పద్ధతి ఫలితాలను 2008లో ప్రచురించింది. అడుగున రోగి కార్నియా కనీసం 250 మైక్రాన్లయినా మిగలాలన్నది నియమం.

పూర్తి మందం మార్పిడిలోనూ లేజర్‌కు పని ఉంది. నిట్టనిలువు కోతకు బదులు పుట్టగొడుగు ఆకారం, టోపీ ఆకారం, వంకరటింకర అంచు కోయగలదు. రెండు అంచులు ఒకదానిలో ఒకటి ఇమిడి గట్టిగా పట్టుకుంటాయి.

లేజర్ ఓడిన చోటు

ఇది చెప్పకపోతే ప్రకటన రాసినట్టవుతుంది. వెనక పొర మార్పిడికి దాత పొరను కూడా లేజర్‌తోనే కోద్దామని ప్రయత్నించారు. నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. అలా కోసిన పొర పెట్టినవాళ్లకు కార్నియా ఒంకర తక్కువే, కానీ చూపు స్పష్టత పూర్తి మందం మార్పిడి కంటే వెనకబడింది. గాజు శంకువు ముందువైపు అదిమితే వెనక పొరల్లో ముడతలు పడతాయి. లేజర్ ముందు నుంచి లోతు కొలుచుకుని చదునుగా కోస్తుంది. ఒత్తిడి తీశాక ఆ కోత ఎగుడుదిగుడుగా తేలుతుంది. మచ్చ మరీ చిక్కగా ఉన్నా కాంతి చెదిరి కోత సరిగా రాదు. యంత్రం ధర కోట్ల రూపాయలు. అది లేని ఆస్పత్రిలో, చేయి తిరిగిన డాక్టరు గాలి బుడగతో చేసిన డాల్క్ ఏమాత్రం తక్కువది కాదు. లేజర్ ఉందా అని కాదు, మీ కంట్లో చెడింది ఏ పొర అని డాక్టరును అడగాలి.

చుట్టుకుపోయే పొర

వెనక పొర విషయంలో గెలుపు రాటర్‌డామ్‌కు చెందిన గెరిట్ మెల్లెస్‌ది. 1998లో మొదలుపెట్టి, మందం తగ్గిస్తూ తగ్గిస్తూ 2006 నాటికి డిమెక్ దాకా వచ్చారు. ఇందులో మార్చేది డెసిమెట్ పొర, దానికి అంటి ఉన్న కణాల వరస. అంతా కలిపి 10 నుంచి 15 మైక్రాన్లు. దాత నుంచి ఒలిచిన వెంటనే అది చుట్ట చుట్టుకుపోతుంది, కణాలున్న వైపు బయటికి పెట్టి మరీ. కంటికి ఆనదు కాబట్టి నీలి రంగు వేస్తారు. చిన్న గొట్టంతో కంటిలోకి వదిలాక లోపల పనిముట్టు పెట్టకుండా, కార్నియా మీద బయటి నుంచి టకటకా తడుతూ చుట్టను విప్పాలి. తలకిందులుగా విప్పుకుంటే పని చేయదు. సరిగా పరుచుకున్నాక కింద గాలి బుడగ వదిలి, పైకి నొక్కి అతికిస్తారు. రోగి వెల్లకిలా పైకప్పు చూస్తూ పడుకోవాలి. ఆపరేషన్‌లో రోగి వంతు అదే.

ఇందాకటి ఆరో పొర ఇక్కడ పనికొచ్చింది. చెన్నైకి చెందిన అమర్ అగర్వాల్, దువాతో కలిసి ఆ పొరను కూడా చేర్చి మార్చే పిడెక్ పద్ధతి తెచ్చారు. కాస్త దళసరిగా ఉండటంతో చుట్టుకుపోవడం తగ్గి, చిన్న వయసు దాతల కార్నియాలు కూడా వాడగలిగారు.

కళ్లు నలుపుకునే అలవాటు

కెరటోకోనస్‌లో కార్నియా పల్చబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. టీనేజీలో మొదలవుతుంది. అలర్జీతో కళ్లు అదేపనిగా నలుపుకునే పిల్లల్లో ముదిరే ప్రమాదం ఎక్కువ. త్వరగా పట్టుకుంటే మార్పిడి దాకా పోనక్కర్లేదు. బి2 విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పడేలా చేస్తే కార్నియా బిగుస్తుంది. జర్మనీలోని డ్రెస్డెన్ డాక్టర్లు చూపిన దారి ఇది. చెన్నై డాక్టరు సూసన్ జేకబ్ ఇంకో దారి వేశారు. దాత కార్నియాను సన్నటి అర్ధచంద్రాకారపు ముక్కలుగా కోసి, లేజర్ తవ్విన సొరంగంలోకి ఎక్కిస్తే శంకువు చదునవుతుంది.

ఒక కార్నియా, ఇద్దరు మనుషులు

దాత ముందు పొరలు ఒకరికి, వెనక పొర మరొకరికి పెట్టొచ్చని జర్మనీలోని ఎర్లాంగెన్ డాక్టర్లు చూపించారు. అంటే ఒక దాత రెండు కళ్లతో నలుగురికి చూపు. అన్నిసార్లూ కుదరదు, ఒకే సమయంలో తగిన రోగులిద్దరూ దొరకాలి.

కార్నియాను నాలుగు డిగ్రీల చలిలో నాలుగు రోజులు బతికించే ఎంకే ద్రావణం 1974లో వచ్చింది. అది హైదరాబాద్‌లోని రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధిలో తయారై, దేశంలోని నేత్రనిధులకు ఉచితంగా వెళ్లింది. 1989లో మొదలైన ఈ నిధి ఉన్నది 'మిస్సమ్మ' తీసిన ఎల్వీ ప్రసాద్ పేరిట గుళ్లపల్లి నాగేశ్వరరావు నిలబెట్టిన సంస్థలోనే. 2023 నాటికి ఆ సంస్థ 50 వేల కార్నియా మార్పిడులు దాటింది. దేశంలో మొదటి నేత్రనిధి అంతకు చాలా ముందు, 1945లో మద్రాసులో వెలిసింది.

రేపటి ముచ్చట క్యోటోది. షిగెరు కినోషిటా బృందం ఎండోథీలియం కణాలను ప్రయోగశాలలో పెంచి సూదితో కంటిలోకి ఎక్కించింది. కణాలు కార్నియా వైపు జారి అంటుకోవాలని రోగిని మూడు గంటలు బోర్లా పడుకోబెట్టారు. మొదటి 11 మంది ఫలితాలు 2018లో వచ్చాయి, 2023లో జపాన్ ప్రభుత్వం ఈ చికిత్సను అనుమతించింది. ఆ కణాలు కూడా దాత కార్నియా నుంచి తెచ్చినవే.

ఆరు గంటలు

యంత్రం ఎంత గొప్పదైనా అది కోసే పొర మరణించినవాళ్లు ఇచ్చిందే. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీయాలి. ముందే కార్డు రాసి ఉండాల్సిన పని లేదు, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే చాలు. కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగరూ బీపీ ఉన్నా ఇవ్వొచ్చు. వయసు అడ్డం కాదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, రేబిస్ లాంటి జబ్బులతో పోయినవాళ్ల నుంచి మాత్రం తీసుకోరు. నేత్రనిధికి ఫోన్ చేశాక రెప్పలు మూసి తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టండి, ఫ్యాన్ ఆపేయండి. వచ్చినవాళ్ల పని పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ముఖం రూపు చెడదు. ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు జరుగుతాయి, కానీ అప్పటి దాకా ఆగనక్కర్లేదు. మీకు దగ్గరలోని నేత్రనిధి నంబరు కనుక్కుని ఇవాళే ఇంట్లో అందరి ఫోన్లలో ఎక్కించండి. మీ ఇష్టం ఏమిటో ఇంట్లోవాళ్లకు నోరారా చెప్పి ఉంచండి.